ఆర్‌ఎన్‌ఏ పెరగలేదు, ప్రోటీన్ మాత్రం ఆరు రెట్లు పెరిగింది: నా ప్రయోగం తప్పా?

ప్రశ్న: సార్, నేను వరంగల్‌లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. ఐరన్ ఎక్కువైతే లివర్ కణాలు ఏం చేస్తాయన్నది నా ప్రాజెక్టు. హెప్‌జీ2 అనే లివర్ కణాలకు ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ రూపంలో ఐరన్ ఇచ్చి ఎనిమిది గంటల తర్వాత ఫెరిటిన్, అంటే ఐరన్‌ని దాచుకునే ప్రోటీన్, ఎంత ఉందో చూశాను. ప్రోటీన్‌ని కొలిచే వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండ్ కంట్రోల్ (ఐరన్ ఇవ్వని కణాల) కంటే దాదాపు ఆరు రెట్లు వచ్చింది. అదే కణాల నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏతో, ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్ చేస్తే ఫెరిటిన్ ఎంఆర్‌ఎన్‌ఏ (ఆ ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ) 1.1 రెట్లే. మళ్లీ మళ్లీ చేసినా అంతే. మా గైడ్ గారు "ఆర్‌ఎన్‌ఏ పెరగకుండా ప్రోటీన్ ఎలా పెరుగుతుంది? ఎక్కడో తప్పు చేశావు, క్యూపీసీఆర్ మళ్లీ చెయ్యి" అంటున్నారు. ల్యాబ్‌లో సీనియర్ అక్కేమో క్యూపీసీఆర్ సంగతి ఎత్తకు, వెస్టర్న్ ఒక్కటే థీసిస్‌లో పెట్టు అంటోంది. సబ్మిషన్ దగ్గరపడింది, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు? ఒకవేళ నా డేటా సరైనదే అయితే వైవాలో ఎలా చెప్పాలి?

సమాధానం: అమ్మా, ముందుగా ఆ క్యూపీసీఆర్ ఫలితాన్ని దాచే ఆలోచన మానుకో. వెస్టర్న్ ఒక్కటే చూపిస్తే చదివేవాళ్లు ఐరన్ వల్ల ఫెరిటిన్ జీన్ చురుకైందని అనుకుంటారు. అది నిజం కాదని చెప్పే డేటా నీ దగ్గరే ఉంది. నీ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన విషయం ఆ రెండు అంకెలూ కలవకపోవడమే. ఇంకే ప్రోటీన్ గురించి రాసినా "ఒకసారి పైపెట్లు చూసుకో" అనేవాణ్ణి. ఫెరిటిన్ విషయంలో అంకెలు చక్కగా కలిసి ఉంటే అప్పుడు అనుమానించేవాణ్ణి.

అలాగని రేపే వెళ్లి "ఇది ట్రాన్స్‌లేషన్ స్థాయి నియంత్రణ", అంటే ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ తయారయ్యే దశలో నియంత్రణ, అని మీ గైడ్ గారికి ప్రకటించెయ్యకు. నీ ఫలితానికి ఇంకో రెండు మూడు వివరణలు ఉన్నాయి. వాటిని తోసిపుచ్చే పని మిగిలే ఉంది. అందులో సగం నీ ఫ్రీజర్‌లో ఉన్న శాంపిళ్లతోనే అయిపోతుంది. దానికి తర్వాత వస్తాను.

మీ గైడ్ గారి ప్రశ్న అర్థం లేనిదేమీ కాదు. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ అని మనమంతా బోర్డు మీద బాణాలు గీసి చెబుతాం. ఆ బాణాలు చూసి చూసి, మధ్యలోది రెట్టింపైతే మూడోదీ రెట్టింపవుతుందని మనకు తెలియకుండానే లెక్క వేసుకుంటాం. ఫ్రాన్సిస్ క్రిక్ 1958లో రాసినది సీక్వెన్స్ సమాచారం ఏ దిశలో వెళుతుందన్న విషయం. ఎంత పరిమాణంలో వెళుతుందన్నది అందులో లేదు. 2011లో బెర్లిన్ పరిశోధకులు ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో 5,000కు పైగా జీన్లకు ఎంఆర్‌ఎన్‌ఏనీ ప్రోటీన్‌నీ పక్కపక్కన కొలిచారు. ప్రోటీన్ పరిమాణాల్లో కనబడే తేడాల్లో ఎంఆర్‌ఎన్‌ఏ పరిమాణం వివరించగలిగింది 40 శాతం దాకానే అన్నారు. ఆ లెక్కలో కొలత లోపాల పాత్ర ఎక్కువని, అసలు వాటా అంతకంటే పెద్దదని తర్వాత వేరేవాళ్లు వాదించారు. వాదం ఎటు తేలినా, ఆర్‌ఎన్‌ఏ చూసి ప్రోటీన్ చెప్పెయ్యవచ్చని ఇప్పుడు ఎవరూ అనరు.

మీ గైడ్ గారికి వచ్చిన సందేహమే 1960లలో పరిశోధకులకూ వచ్చింది. 1961లో ఫ్రాంస్వా జాకోబ్, జాక్ మోనో బ్యాక్టీరియాలో జీన్లు ఎలా పని మొదలుపెడతాయో, ఎలా ఆపుతాయో చెప్పారు. ఆ తర్వాత ఏ ప్రోటీన్ పెరిగినా జీన్ దగ్గరే కారణం వెతికేవారు. ఎలుకలకు ఐరన్ ఇస్తే లివర్‌లో ఫెరిటిన్ తయారీ పెరుగుతుందని అప్పటికే తెలుసు. 1960ల మధ్యలో డ్రైస్‌డేల్, హామిష్ మన్రో ఐరన్‌తో పాటు ఆక్టినోమైసిన్ డి కూడా ఇచ్చి చూశారు. ఆ మందు కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారవకుండా ఆపుతుంది. జీన్ దగ్గర నియంత్రణ అయితే ఫెరిటిన్ పెరగకూడదు. పెరిగింది. అంటే ఆ ఫెరిటిన్‌కు కావలసిన ఎంఆర్‌ఎన్‌ఏ ఐరన్ రాకముందే కణంలో ఉంది.

ఉన్నదాన్ని అప్పటిదాకా కణం ఎందుకు వాడలేదు? దాదాపు పదేళ్ల తర్వాత, 1976లో, జారింగర్, బలిగా, మన్రో కలిసి దీని జాడ పట్టారు. లివర్ కణాల్లోని ఎంఆర్‌ఎన్‌ఏని రెండు భాగాలుగా విడదీశారు. ఒకటి రైబోజోములు ఎక్కి ప్రోటీన్ తయారుచేస్తున్న భాగం, దాన్నే పాలీసోములు అంటాం. రెండోది రైబోజోములు లేకుండా ఊరికే ఉన్న భాగం. ఐరన్ ఇవ్వని ఎలుకల్లో ఫెరిటిన్ ఎంఆర్‌ఎన్‌ఏ చాలావరకు రెండో భాగంలో ఉంది. ఐరన్ ఇచ్చాక అదే ఎంఆర్‌ఎన్‌ఏ పాలీసోముల్లోకి వెళ్లింది. మొత్తం కలిపి కొలిస్తే పెద్ద తేడా లేదు. నీ క్యూపీసీఆర్ కొలిచింది ఆ మొత్తాన్నే. అందుకే 1.1 వచ్చింది.

ఇక దాన్ని ఆపి ఉంచుతున్నదేమిటి? 1987లో మన్రో బృందం ఒకవైపు, అమెరికాలో బెథెస్డాలోని ఎన్‌ఐహెచ్ పరిశోధన సంస్థలో హెంట్జ, క్లాస్‌నర్ బృందం మరోవైపు ఆ ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి భాగంలో, ప్రోటీన్ కోడ్ ఇంకా మొదలవకముందే, సుమారు 30 అక్షరాల (న్యూక్లియోటైడ్ల) చిన్న ముక్కను గుర్తించాయి. అది తన మీద తానే మడుచుకుని హెయిర్‌పిన్ ఆకారంలో నిలబడుతుంది. మడత కొసన ఉన్న లూప్‌లో సీ-ఏ-జీ-యూ-జీ అనే వరస ఉంటుంది. దీన్ని ఐఆర్‌ఈ (ఐరన్ రెస్పాన్సివ్ ఎలిమెంట్) అంటారు. కణంలో ఐరన్ తక్కువగా ఉన్నప్పుడు ఐఆర్‌పీ (ఐరన్ రెగ్యులేటరీ ప్రోటీన్) అనే ప్రోటీన్లు వచ్చి ఈ మడతను గట్టిగా పట్టుకుంటాయి.

పట్టుకుంటే ఏమవుతుందన్నది వైవాలో తప్పకుండా అడుగుతారు, కాబట్టి కాస్త ఆగి చదువు. రైబోజోము చిన్న సబ్‌యూనిట్ ఇనిషియేషన్ ఫ్యాక్టర్లతో (తయారీ మొదలుపెట్టించే ప్రోటీన్లతో) కలిసి, 43ఎస్ కాంప్లెక్స్‌గా, ఎంఆర్‌ఎన్‌ఏ మొదట్లో ఉండే క్యాప్ దగ్గరకు వచ్చి చేరాలి. అక్కడి నుంచి ఒక్కో అక్షరం దాటుకుంటూ, ప్రోటీన్ కోడ్ మొదలయ్యే ఏయూజీ దాకా వెళ్లాలి. ఫెరిటిన్ ఐఆర్‌ఈ క్యాప్ నుంచి 40 అక్షరాల లోపే ఉంటుంది. దాని మీద ఐఆర్‌పీ కూర్చుని ఉంటే క్యాప్ దగ్గర 43ఎస్ దిగడానికి చోటు ఉండదు. ఆ మడతను క్యాప్ నుంచి దూరంగా జరిపిన ఎంఆర్‌ఎన్‌ఏలు తయారుచేసి చూస్తే అడ్డంకి బాగా బలహీనపడింది. కాబట్టి ఆ మడత ఉండటం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఉందన్నదీ అంతే ముఖ్యం. ఎంఆర్‌ఎన్‌ఏ ఈలోగా నాశనం కాదు, అలాగే ఉంటుంది. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకో.

ఐరన్ వచ్చాక ఐఆర్‌పీ1 చేసే పని నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. నాలుగు ఐరన్, నాలుగు సల్ఫర్ పరమాణువులున్న గుత్తి ఒకటి దానిలో అమరుతుంది. అమరగానే ఆర్‌ఎన్‌ఏని వదిలేసి అకోనిటేజ్ అనే ఎంజైముగా మారిపోతుంది. సిట్రేట్‌ని ఐసోసిట్రేట్‌గా మార్చే పనిలో పడుతుంది. ఒకే ప్రోటీన్‌కు రెండు ఉద్యోగాలు, ఏది చెయ్యాలో ఐరనే నిర్ణయిస్తుంది. ఐఆర్‌పీ2కి ఇలాంటి రెండో ఉద్యోగం లేదు. ఐరన్ ఉంటే దాన్ని కణం విరగ్గొట్టేస్తుంది. ఏ దారైనా మడత ఖాళీ అవుతుంది, 43ఎస్ దిగుతుంది, ఫెరిటిన్ తయారవుతుంది.

ఇంత తిప్పలు ఎందుకు, జీన్‌నే పని చేయించవచ్చుగా అని అడిగితే జవాబు తొందర. ఐరన్ లేనిదే బతకలేం, కానీ కణంలో విడిగా తిరిగే ఐరన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. అది డీఎన్‌ఏని, పొరలను, దేన్నైనా పాడుచేస్తుంది. ఫెరిటిన్ 24 సబ్‌యూనిట్ల బోలు గోళం, ఒక్కొక్కటి 4,500 ఐరన్ పరమాణువుల దాకా లోపల దాచగలదు. ప్రమాదం ఎదురుగా ఉన్నప్పుడు ఆ గోళం కావాలంటే జీన్ నుంచి మొదలుపెట్టి, ఆర్‌ఎన్‌ఏ తయారుచేసి, కత్తిరించి, న్యూక్లియస్ బయటికి పంపి, అప్పుడు ప్రోటీన్ అంటే ఆలస్యం. దోసెల పిండి రాత్రే రుబ్బి పెట్టుకున్న ఇంట్లో చుట్టాలు వస్తే పెనం వేడెక్కడమే ఆలస్యం, పప్పు నానబెట్టే పని ఉండదు. కణం కూడా ఫెరిటిన్ ఎంఆర్‌ఎన్‌ఏని ముందే తయారుచేసి అలా పెట్టుకుంటుంది.

ఈ మడత ఎంత అసలైనదో చెప్పే జబ్బు ఒకటుంది. 1995లో కొన్ని కుటుంబాల్లో బయటపడింది. ఫెరిటిన్ గోళంలో హెచ్, ఎల్ అని రెండు రకాల సబ్‌యూనిట్లు ఉంటాయి; వాళ్లకు ఎల్-ఫెరిటిన్ జీన్‌లో ప్రోటీన్ కోడ్ అంతా బాగానే ఉంది, ఐఆర్‌ఈ మడతలో మాత్రం మార్పు ఉంది. ఐఆర్‌పీ సరిగా పట్టుకోలేదు కాబట్టి ఐరన్ ఉన్నా లేకపోయినా ఎల్-ఫెరిటిన్ తయారవుతూనే ఉంటుంది. రక్తపరీక్షలో ఫెరిటిన్ చాలా ఎక్కువగా కనిపిస్తుంది, శరీరంలో ఐరన్ మాత్రం మామూలే. చిన్న వయసులోనే కంటిలో శుక్లాలు వస్తాయి. ఫెరిటిన్ అంకె ఒక్కటే చూసి ఐరన్ ఎక్కువైందనుకుని రక్తం తీయడం మొదలుపెడితే, ఐరన్ ఎక్కువ లేని మనిషికి రక్తహీనత తెచ్చిపెట్టినట్టవుతుంది. మొత్తం 30 అక్షరాలు, అందులో ఒక్కటి మారినా ఇంత కథ. వైవాలో "దీనివల్ల ఉపయోగం ఏమిటి" అని ఎవరైనా అడిగితే ఇది చెప్పు.

సరే, ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది, ఖర్చు కూడా లేనిది: నీ దగ్గర ఉన్న అదే సీడీఎన్‌ఏతో (ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారుచేసిన డీఎన్‌ఏ ప్రతితో) ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్ జీన్, అంటే టీఎఫ్‌ఆర్‌సీ, కొలిచి చూడు. ఆ రిసెప్టర్ ఐరన్‌ని కణంలోకి తెచ్చేది. దాని ఎంఆర్‌ఎన్‌ఏకి కూడా ఐఆర్‌ఈలు ఉన్నాయి, కాకపోతే అవి చివరి భాగంలో ఉంటాయి, ఒకటి కాదు ఐదు. అక్కడ ఐఆర్‌పీలు కూర్చుంటే రైబోజోముకు అడ్డేమీ ఉండదు, పైగా ఆ ఎంఆర్‌ఎన్‌ఏని కత్తిరించే ఎంజైముకు చోటు దొరకదు. కాబట్టి ఐరన్ తక్కువైతే టీఎఫ్‌ఆర్‌సీ ఎంఆర్‌ఎన్‌ఏ నిలుస్తుంది, ఐరన్ ఎక్కువైతే విరిగిపోతుంది. అవే ఐఆర్‌పీలు, అవే మడతలు, ఫలితం మాత్రం తలకిందులు. నీ ఐరన్ కణాల్లో టీఎఫ్‌ఆర్‌సీ ఎంఆర్‌ఎన్‌ఏ పడిపోయిందంటే ఒక్క దెబ్బకు మూడు సంగతులు తేలతాయి. కణాలకు ఐరన్ అందింది, ఐఆర్‌పీలు స్పందించాయి, నీ క్యూపీసీఆర్ మార్పును పట్టుకోగలుగుతోంది. మీ గైడ్ గారి "క్యూపీసీఆర్ తప్పు" అన్న మాటకు ఇంతకంటే మంచి జవాబు లేదు. టీఎఫ్‌ఆర్‌సీ కదలకపోతే మాత్రం ఆయన మాటలో నిజం ఉండే అవకాశం పెరుగుతుంది, అప్పుడు ముందుకు పోకుండా అక్కడే ఆగు.

రెండోది, ఫెరిటిన్ మీద పనిచేసేవాళ్లను పట్టుకునే పాత ఉచ్చు. మనిషి జీనోములో హెచ్-ఫెరిటిన్‌కు దొంగ ప్రతులు, అంటే సూడోజీన్లు, చాలా ఉన్నాయి. ఎల్-ఫెరిటిన్‌కూ ఉన్నాయి. ఇవి ఎంఆర్‌ఎన్‌ఏ నుంచే తిరిగి డీఎన్‌ఏలోకి చేరిన ప్రతులు కాబట్టి వీటిలో ఇంట్రాన్లు (ఎంఆర్‌ఎన్‌ఏ తయారయ్యేటప్పుడు కత్తిరించి తీసేసే భాగాలు) ఉండవు. ఇంట్రాన్‌కు అటూ ఇటూ ప్రైమర్లు పెట్టుకున్నాం, డీఎన్‌ఏ గొడవ ఉండదులే అని మనం మామూలుగా చెప్పుకునే ధైర్యం ఇక్కడ పనికిరాదు. నీ ఆర్‌ఎన్‌ఏలో కాస్త డీఎన్‌ఏ కలిసినా ఆ సూడోజీన్లు అన్ని శాంపిళ్లలోనూ ఒకేలా సిగ్నల్ ఇస్తాయి. నిజమైన ఎంఆర్‌ఎన్‌ఏ మూడు రెట్లు పెరిగినా ఆ రొదలో మునిగిపోయి 1.1లా కనబడవచ్చు. డీఎన్‌ఏని విరగ్గొట్టే డీనేజ్ ఎంజైము వాడావా? రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేకుండా ఒక కంట్రోల్, అదే నో-ఆర్‌టీ, పెట్టావా? ఉత్తరంలో రాయలేదు. పెట్టకపోతే అది లేకుండా నీ 1.1కి విలువ లేదు.

వెస్టర్న్ వైపు పెద్దగా భయం లేదు. హెచ్ సబ్‌యూనిట్ 21 కిలోడాల్టన్లు, ఎల్ 19. నీ యాంటీబాడీ ఏది పట్టుకుంటుందో తెలుసుకుని, క్యూపీసీఆర్‌లోనూ అదే సబ్‌యూనిట్‌ని కొలిచావో లేదో చూసుకో. హెచ్ ఎంఆర్‌ఎన్‌ఏని కొలిచి ఎల్ ప్రోటీన్‌తో పోల్చితే అది పోలికే కాదు. ఫెరిటిన్ గోళం వేడికి అంత సులువుగా విడిపోదు, శాంపిల్ బాగా మరిగించు.

మూడోది అసలైన చిక్కు. ప్రోటీన్ పరిమాణం తయారీ మీద ఎంత ఆధారపడుతుందో, విరిగిపోయే వేగం మీదా అంతే. ఐరన్ తక్కువైనప్పుడు కణం ఫెరిటిన్‌ని ఎన్‌సీఓఏ4 అనే ప్రోటీన్ ద్వారా లైసోజోముకు (కణంలో వస్తువులను విరగ్గొట్టే సంచికి) పంపి, అందులోని ఐరన్‌ని బయటికి తీస్తుంది. ఈ సంగతి 2014లో తెలిసింది. ఐరన్ ఎక్కువైతే ఆ పంపడం తగ్గుతుంది. కాబట్టి ఎవరైనా "తయారీ ఏమీ పెరగలేదమ్మా, విరగడం ఆగింది, అందుకే పేరుకుంది" అంటే? చాలామంది విద్యార్థులు ఇక్కడే నోరు తెరుచుకుని నిలబడతారు. నువ్వు ఒక కాగితం తీసుకుని లెక్క వెయ్యి. మామూలుగా ఉన్న కణంలో తయారయ్యేదీ విరిగేదీ సమానం. విరగడం పూర్తిగా ఆగిపోయి తయారీ పాత వేగంతోనే సాగిందనుకో. ఎనిమిది గంటల్లో ఒకటి ఆరు కావాలంటే అదనంగా ఐదు వాటాలు తయారవ్వాలి, అంటే గంటకు ఉన్నదాంట్లో 0.625 వంతు. మామూలు రోజుల్లో విరిగేదీ అదే వేగంతో అయి ఉండాలి. అప్పుడు ఫెరిటిన్ హాఫ్ లైఫ్ (సగం విరగడానికి పట్టే సమయం) గంటకు కాస్త ఎక్కువ, అంతే. ఫెరిటిన్ అంత అల్పాయుష్షు ప్రోటీన్ కాదు. కాబట్టి విరగడం ఆగడం కొంత తోడ్పడి ఉండవచ్చు గానీ, ఆరు రెట్లూ దానివల్లే వచ్చాయనడం కుదరదు. బ్యాండ్ల గాఢత కొలత అంత ఖచ్చితం కాదని ఒప్పుకున్నా, ఆరు బదులు మూడే అనుకున్నా, లెక్కకు మూడు గంటల లోపు హాఫ్ లైఫ్ కావాలి.

లెక్కతో పాటు ప్రయోగం కూడా ఉంటే మంచిది. వీలుంటే రెండు మందులతో ఒక్క ప్లేట్ పెట్టు. ఐరన్‌తో పాటు ఆక్టినోమైసిన్ డి ఇచ్చిన కణాల్లో కూడా ఫెరిటిన్ పెరిగితే, 1960ల నాటి ప్రయోగాన్నే నువ్వు నీ కణాల్లో చేసినట్టు. ఐరన్‌తో పాటు సైక్లోహెక్సిమైడ్ ఇస్తే కొత్త ప్రోటీన్ తయారీ ఆగుతుంది. అప్పుడు పెరుగుదల మాయమైతే అది కొత్త తయారీయే. సైక్లోహెక్సిమైడ్ ఉన్నా ఐరన్ కణాల్లో, ఐరన్ లేకుండా సైక్లోహెక్సిమైడ్ మాత్రమే ఇచ్చిన కణాల కంటే ఎక్కువ ఫెరిటిన్ మిగిలితే, ఆ మిగిలిన తేడా విరగడం తగ్గడం వల్ల వచ్చిన వాటా. రెండూ విషాలే, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. ఎదురు దిశలో చూడటానికి, ఐరన్‌ని లాగేసే డెస్‌ఫెరాక్సమిన్ ఇచ్చిన ప్లేట్ ఒకటి పక్కన ఉంటే ఫిగర్ నిండుగా ఉంటుంది.

పాలీసోమ్ ప్రయోగం చేస్తే సందేహానికి చోటు ఉండదు. సుక్రోజ్ గ్రేడియెంట్ మీద కణాల సారం పోసి అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై నుంచి కింది దాకా ఫ్రాక్షన్లు తీసి, ఒక్కోదానిలో ఫెరిటిన్ ఎంఆర్‌ఎన్‌ఏ కొలవడం. ఐరన్ ఇచ్చాక అది తేలిక ఫ్రాక్షన్ల నుంచి బరువు ఫ్రాక్షన్లకు జరగాలి, పోలికకు వాడే యాక్టిన్ అనే మామూలు ప్రోటీన్ ఎంఆర్‌ఎన్‌ఏ ఉన్నచోటే ఉండాలి. కానీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇది తప్పనిసరి అని నేను అనను. ఆ మెషిన్ మీ దగ్గర లేకపోతే, సబ్మిషన్ ముందు హైదరాబాద్‌కు శాంపిళ్లు పట్టుకుని పరుగెత్తవద్దు. "ఇకపై చెయ్యాల్సిన పని" అన్న పేరాలో రాసుకో.

"ఫెరిటిన్ ఒక్కటే ఇలాగా?" అని వైవాలో అడగవచ్చు. కాదు. నీ కథ ఐరన్‌దే కాబట్టి ఇంకో ఐరన్ ఉదాహరణే చెప్పు. ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాల్లో ఐరన్ చాలకపోతే హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఐరన్ ఉండే భాగం) తగ్గుతుంది. హీమ్ తగ్గితే హెచ్‌ఆర్‌ఐ అనే కైనేజ్ లేచి, ఈఐఎఫ్2 అనే ఇనిషియేషన్ ఫ్యాక్టర్ ఆల్ఫా సబ్‌యూనిట్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ ఫ్యాక్టర్ మళ్లీ మళ్లీ పనికి రావాలంటే జీడీపీ వదిలి జీటీపీ తీసుకోవాలి. ఫాస్ఫేట్ తగిలాక ఆ మార్పిడి చేసే ఈఐఎఫ్2బి దాంట్లో చిక్కుకుపోతుంది, దాంతో దాదాపు అన్ని ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది. హీమ్ లేకుండా గ్లోబిన్ పోగుపడితే కణానికే ముప్పు కాబట్టి ఇది మంచిదే. మీ డిపార్ట్‌మెంట్‌లో ఎప్పుడైనా కుందేలు రెటిక్యులోసైట్ లైసేట్ కిట్ (ట్యూబులోనే ప్రోటీన్ తయారుచేసే రక్తకణాల సారం) వాడి ఉంటే, దానిలో హీమిన్ ఎందుకు కలుపుతారో ఇప్పుడు తెలుస్తుంది. లేకపోతే కాసేపటికే ట్యూబులో తయారీ పడిపోతుంది. అదే ఈఐఎఫ్2 మీద వైరస్ వస్తే పీకేఆర్, అమైనో ఆమ్లాలు తగ్గితే జీసీఎన్2, ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో ఒత్తిడి వస్తే పెర్క్ పనిచేస్తాయి. పోషకాలు, ఇన్సులిన్ సంకేతాలను బట్టి తయారీని పెంచి తగ్గించే ఎంటార్ దారి మరొకటి, ఎంఆర్‌ఎన్‌ఏలను అణచే చిన్న మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఇంకొకటి. 2024 నోబెల్ విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్‌లకు వచ్చింది ఈ మైక్రోఆర్‌ఎన్‌ఏలకే. వీటన్నిటినీ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఒక్క తేడా స్పష్టంగా చెప్పు: ఈఐఎఫ్2 దారి దాదాపు అన్ని ఎంఆర్‌ఎన్‌ఏలనూ తాకుతుంది, ఐఆర్‌ఈ దారి ఆ మడత ఉన్న కొద్ది ఎంఆర్‌ఎన్‌ఏలనే తాకుతుంది. నీ బ్లాట్‌లో యాక్టిన్ మారకుండా ఫెరిటిన్ ఒక్కటే పెరిగి ఉంటే అది రెండో రకానికి సరిపోతుంది.

నీకు అనుకూలంగా ఉన్న ఇంకో విషయం ఎనిమిది గంటలు ఎంచుకోవడం. ఎక్కువ ఐరన్‌తో చాలాసేపు ఉంచితే ఆక్సిడేటివ్ స్ట్రెస్ మొదలవుతుంది. అప్పుడు ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే, జీన్లను చురుకు చేసే ప్రోటీన్ దారిలో ఫెరిటిన్ జీన్ల ట్రాన్స్‌క్రిప్షన్ కూడా పెరుగుతుంది. కాబట్టి నీ సీనియర్ ఎవరైనా రెండు రోజులు ఉంచి ఎంఆర్‌ఎన్‌ఏ పెరిగిందని చూపిస్తే కంగారు పడకు, రెండూ నిజం కావచ్చు. "ఎనిమిది గంటల దగ్గర" అన్న మాట ఫిగర్ కింద తప్పకుండా రాయి.

మీ గైడ్ గారితో మాట్లాడేటప్పుడు "మీరు అన్నది తప్పు సార్" అన్న ధోరణి వద్దు. ఆయన మళ్లీ చెయ్యమన్నారు, నువ్వు చేశావు. "సార్, మీరు చెప్పినట్టే క్యూపీసీఆర్ మళ్లీ చేశాను, ఈసారి నో-ఆర్‌టీ కంట్రోల్, టీఎఫ్‌ఆర్‌సీ కూడా పెట్టాను" అని ప్లాట్ ముందు పెట్టు. ఆ తర్వాత 1976 పేపర్ సంగతి ఎత్తు. చాలామంది గైడ్లు సొంత సబ్జెక్టు కాని చోట అనుమానంతోనే మొదలుపెడతారు, అది మంచి అలవాటే. నాకు ఇబ్బందిగా అనిపించింది మీ సీనియర్ ఇచ్చిన సలహాయే. నచ్చని డేటాని పక్కన పెట్టే అలవాటు ఎమ్మెస్సీలో మొదలైతే పీహెచ్‌డీలో మానడం కష్టం.

టీఎఫ్‌ఆర్‌సీ నిజంగా తగ్గితే, థీసిస్‌లో వాక్యం ఇలా రాయి: "ఎనిమిది గంటల ఐరన్ తర్వాత ఫెరిటిన్ ప్రోటీన్ పెరిగింది, దాని ఎంఆర్‌ఎన్‌ఏ మొత్తంలో చెప్పుకోదగ్గ మార్పు లేదు, టీఎఫ్‌ఆర్‌సీ ఎంఆర్‌ఎన్‌ఏ తగ్గింది, ఇవన్నీ ఐఆర్‌ఈ-ఐఆర్‌పీ ద్వారా జరిగే ట్రాన్స్‌లేషన్ నియంత్రణకు అనుగుణంగా ఉన్నాయి." "నిరూపించాం" అని రాయకు, పాలీసోములు చూడలేదు కాబట్టి. ఆక్టినోమైసిన్ ప్లేట్ పనిచేస్తే ఇంకో వాక్యం చేర్చు. టీఎఫ్‌ఆర్‌సీ ప్రైమర్లు ల్యాబ్‌లో లేకపోతే ఈరోజే ఆర్డర్ పెట్టించు, అవి వచ్చేలోగా నో-ఆర్‌టీ ప్లేట్ నడిపెయ్యి. అందులో సిగ్నల్ కనిపిస్తే ఆర్‌ఎన్‌ఏకి మళ్లీ డీనేజ్ పట్టి, కొత్తగా సీడీఎన్‌ఏ చేసుకున్నాకే గైడ్ గారి దగ్గరకు వెళ్లు.